సిమెంటు బట్టీ, మెట్ట పొలం: వాతావరణ విధాన రూపకల్పనలో పరిశ్రమ సంఘాల పాత్ర

సారాంశం: కడప, నంద్యాల, కర్నూలు జిల్లాల సున్నపురాయి నేలలపై సిమెంటు పరిశ్రమ, వర్షాధార వ్యవసాయం పక్కపక్కనే సాగుచున్నవి. ఉద్గారాల నియంత్రణకు సంబంధించిన నియమాలు ముసాయిదా దశలో ఉండగానే కంపెనీల తరఫున వాటి సంఘాలు తమ వాదనను వినిపించును. అదే దశలో మెట్ట వ్యవసాయ శాస్త్రం మౌనంగా ఉన్నది. నియమాలు కుదిరిన పిదప వాటి భారంలో కొంత పొలాల మీదికి రాగల అవకాశం ఉన్నందున, ఈ సంఘాల పనితీరును విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఎట్లు పరిశీలింపవలెనో ఈ వ్యాసం చర్చించుచున్నది.

ఉపోద్ఘాతం

గత రబీలో గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం క్రింద కోవెలకుంట్ల ప్రాంతంలో ఉన్న మా విద్యార్థుల పనిని పరిశీలించుటకు వెళ్ళినపుడు, శనగ పొలం గట్టున ఒక వృద్ధ రైతు నాలుగు పుటల కాగితం నా చేతికిచ్చినాడు. అది ఆంగ్లంలో ఉన్న ఒప్పందపత్రం. దుక్కులు తగ్గించి, పంట అవశేషాలను పొలంలోనే వదలినచో నేలలో చేరిన కర్బనానికి కొంత సొమ్ము చెల్లింతురట. ఆ కర్బనం మీది హక్కు మాత్రం నిర్ణీత సంవత్సరాల వరకు ఒక సంస్థకు చెందునట. సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. "సార్, దీని మీద సంతకం పెట్టొచ్చునా, పెట్టగూడదా? శనగ పొట్టంతా పొలానికే వదిలేస్తే ఎద్దులకేం వెయ్యాల?" అని రైతు అడిగినాడు. రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగితిని. మొదటి ప్రశ్నకు ముప్పయ్యేండ్ల బోధనానుభవం చాలలేదు. ఆ కర్బనాన్ని ఎవరు కొందురు, ఎందుకు కొందురు, కొనవలసిన అవసరం ఏ నియమం వలన కలిగినది అన్న విషయాలు మా శాస్త్ర పాఠ్యప్రణాళికలో లేవు.

ఆ ప్రశ్నను వెంబడించి వెళ్ళగా వచ్చిన ఆలోచనలే ఈ వ్యాసం.

ఒకే నేల, రెండు ఉత్పత్తులు

1872లో విలియం కింగ్ భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ తరఫున కడప, కర్నూలు శిలాశ్రేణులను వివరించిన నాటి నుండి ఇక్కడి సున్నపురాయి ప్రసిద్ధం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, కొలిమిగుండ్ల, బనగానపల్లె ప్రాంతాలలో నల్లరేగడి క్రింద నాపరాయి, దాని వెంట సిమెంటుకు పనికివచ్చే సున్నపురాయి విస్తరించి ఉన్నవి. ఎర్రగుంట్ల, చిలంకూరులలో ఇండియా సిమెంట్స్, ఎర్రగుంట్లలోనే జువారి, నల్లలింగాయపల్లెలో భారతి, చిన్నకొమెర్ల వద్ద దాల్మియా, కొలిమిగుండ్లలో రామ్‌కో, బిలకలగూడూరులో జెఎస్‌డబ్ల్యు కర్మాగారాలు వెలసినవి. వాటి ప్రహరీ గోడల ఆవల శనగ, జొన్న, కొర్ర, వేరుశనగ సాగగుచున్నవి.

సిమెంటు ఉద్గారాలలో ఒక ప్రత్యేకత కలదు. బొగ్గు మానివేసినను అవి పూర్తిగా ఆగవు. వంద కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాల్చినచో నలభైనాలుగు కిలోల కార్బన్ డయాక్సైడు రాయి నుండియే వెలువడును. ఇది రసాయన ధర్మం. ఒక టన్ను క్లింకర్ తయారీలో రాయి నుండి వచ్చునది సుమారు 0.52 టన్ను. ఇంధనం వలన వచ్చునది దీనికి అదనం. ప్రపంచ కార్బన్ డయాక్సైడు ఉద్గారాలలో సిమెంటు వాటా 7 నుండి 8 శాతం వరకు ఉండునని అంచనా. సిమెంటు ఉత్పత్తిలో చైనా తరువాతి స్థానం మన దేశానిది. కావున ఉద్గార నియమం ఏది వచ్చినను ఈ పరిశ్రమకు అది బ్రతుకు సమస్యయే. ఆ నియమం తమకు అనుకూలంగా ఉండవలెనని పరిశ్రమ కోరుకొనుటలో వింత లేదు, తప్పు కూడ లేదు. ఆ కోరిక ఏ నోటితో, ఏ గదిలో పలుకుచున్నది అన్నదే చూడవలసిన విషయం.

సంఘం గొంతు ఎవరిది?

సిమెంట్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ 1961లో ఏర్పడినది. పన్నులు, బొగ్గు సరఫరా, ప్రమాణాలు మొదలగు విషయాలలో పెద్ద కంపెనీల తరఫున ప్రభుత్వంతో మాట్లాడునది ఇదియే. అంతర్జాతీయ స్థాయిలో 2018లో గ్లోబల్ సిమెంట్ అండ్ కాంక్రీట్ అసోసియేషన్ అవతరించి, 2021 అక్టోబరులో 2050 నాటికి నికర శూన్య ఉద్గారాల మార్గపటాన్ని ప్రకటించినది. దాల్మియా, అల్ట్రాటెక్ వంటి కంపెనీలకు అందులో సభ్యత్వం కలదు. ఇవిగాక సాధారణ పరిశ్రమల సమాఖ్యలు, రాష్ట్ర స్థాయి మండళ్ళు వేరు. ఒక పెద్ద కంపెనీ ఏకకాలంలో పది సంఘాలలో సభ్యురాలై ఉండుట సామాన్యం.

సంఘం గొంతును అర్థం చేసికొనుటకు మనకు దూరం పోనవసరం లేదు. 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం క్రింద కె.సి. కాలువ మీద నీటి సంఘాలు ఏర్పడినవి. తీర్మానం ఆయకట్టు మొత్తం పేరు మీదనే వ్రాయబడును. అయితే ఎగువ తూము రైతుకును చివరి భూముల రైతుకును ప్రయోజనం ఒకటి కాదు. తీర్మానంలో చివరి భూముల ఊసు ఎంత ఉన్నదో చూచినచో సంఘంలో ఎవరి మాట చెల్లుచున్నదో తెలియును. పరిశ్రమ సంఘాలలోను ఇట్లే. 2040 నాటికి కర్బన ప్రతికూల స్థితికి చేరుదునని దాల్మియా సిమెంట్ 2018లో ప్రకటించినది. అటువంటి లక్ష్యం లేని కంపెనీలు కూడ పరిశ్రమలో పెక్కు ఉన్నవి. అందరి తరఫున వ్రాయబడే లేఖ సహజంగా అందరికిని ఇబ్బంది లేని మాట దగ్గర ఆగును. ముందు నడువగలవాని వేగం ఆ లేఖలో కనిపించదు.

విదేశాలలో దీని చరిత్ర మరింత కఠినమైనది. 1989లో అమెరికాలో ఏర్పడిన గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్‌లో చమురు, బొగ్గు, మోటారు వాహన పరిశ్రమలు చేరి, వాతావరణ శాస్త్రంపై సందేహాలను ప్రచారం చేసినవి. హరితగృహ ప్రభావపు శాస్త్రీయ ఆధారం కాదనలేనిదని 1995లో వారి సొంత సాంకేతిక పత్రమే ఒప్పుకొన్నట్లు తరువాత బయటపడినది. బి.పి., షెల్, ఫోర్డ్ వంటి కంపెనీలు ఒక్కొక్కటిగా వైదొలగగా 2002లో అది మూతపడినది. 2009లో వాతావరణ విధానంపై అభిప్రాయభేదంతో ఆపిల్ సంస్థ అమెరికా ఛాంబర్ ఆఫ్ కామర్స్ నుండి బయటికి వచ్చినది. 2017 డిసెంబరులో గనుల కంపెనీ బి.హెచ్.పి. తాను సభ్యత్వం కలిగిన సంఘాల వైఖరులను తన వైఖరితో పోల్చి నివేదిక ప్రచురించి, మరుసటి ఏడు ప్రపంచ బొగ్గు సంఘాన్ని విడిచినది. కంపెనీ మాటకును సంఘం మాటకును అంతరం ఉండవచ్చునని ఆ విధంగా కంపెనీలే అంగీకరించినవి.

మన సిమెంటు సంఘం వాతావరణ శాస్త్రాన్ని ఖండించినదని ఎవరును భావించరాదు. నేను అట్లు అనుట లేదు. ఇక్కడి ప్రభావం శాస్త్రాన్ని కాదనుటలో గాక, కొలతను నిర్ణయించుటలో ఉండునని నా అభిప్రాయం.

కాంపిటీషన్ కమిషన్ కేసు

సంఘం ద్వారా సమాచారం ఎట్లు ప్రవహించునో తెలిసికొనుటకు ఒక అధికారిక రికార్డు కలదు. అది ధరలకు సంబంధించినది, వాతావరణానికి కాదు. నిర్మాణదారుల సంఘం ఫిర్యాదుపై విచారించి, 2012 జూన్ 20న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా పలు సిమెంటు కంపెనీలపైనను, వాటి సంఘంపైనను 6,300 కోట్ల రూపాయలకు మించిన జరిమానా విధించినది. వాటిలో ఇండియా సిమెంట్స్, నేటి రామ్‌కోకు నాటి పేరైన మద్రాస్ సిమెంట్స్, అల్ట్రాటెక్ ఉన్నవి. విచారణ పద్ధతిలో లోపం ఉన్నదని అప్పిలేట్ ట్రిబ్యునల్ దానిని కొట్టివేయగా, కమిషన్ మరల విచారించి 2016 ఆగస్టు 31న అట్టి ఆదేశమే ఇచ్చినది. 2018 జూలైలో జాతీయ కంపెనీ చట్ట అప్పిలేట్ ట్రిబ్యునల్ దానిని సమర్థించినది. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్ళినవి. ఆరోపణలను అవి ఆది నుండి తిరస్కరించుచునే ఉన్నవి.

మన ప్రయోజనానికి జరిమానా కంటె ఒక చిన్న అంశం ముఖ్యం. సంఘం వేదికగా ధరల, ఉత్పత్తి సమాచారం సభ్యుల మధ్య మారినదని కమిషన్ పేర్కొనగా, ఆ వివరాలను ప్రభుత్వ శాఖ కోరినందుననే సేకరించితిమని సంఘం వాదించినది. ప్రభుత్వం తనకు కావలసిన గణాంకాలకు పరిశ్రమ సంఘంపై ఆధారపడినపుడు, సంఘం కేవలం అర్జీదారుగా ఉండదు. సమాచార దాతగా ప్రభుత్వ గదిలో దానికి స్థిరమైన కుర్చీ ఏర్పడును. వర్షాధార రైతుకు అటువంటి కుర్చీ లేదు. అతని పక్షాన గణాంకాలు ఇవ్వగలిగినవారు మనమే.

కొలత ఎక్కడ కుదురును?

2001 నాటి ఇంధన పొదుపు చట్టం ఆధారంగా 2012లో పి.ఎ.టి. పథకం మొదలైనది. మొదటి ఆవృతంలో ఎనిమిది రంగాలకు చెందిన 478 కర్మాగారాలకు ఇంధన పొదుపు లక్ష్యాలు నిర్ణయింపబడినవి. సిమెంటు అందులో ఒకటి. మొత్తం లక్ష్యం 66.86 లక్షల టన్నుల చమురు సమానకం కాగా, సాధించినది 86.7 లక్షల టన్నులు. విజయమే. కాని విద్యార్థులు తరువాతి అంకెలను కూడ చూడవలెను. లక్ష్యం మించినవారికి జారీ అయిన పొదుపు పత్రాలు 38.25 లక్షలు. లక్ష్యం తప్పినవారు కొనవలసినవి 14.25 లక్షలు. గిరాకీ కంటె సరఫరా సుమారు రెండున్నర రెట్లు మించినచో ధర ఏమగునో టమాట సీజనులో మదనపల్లె యార్డుకు వెళ్ళివచ్చిన ప్రతి విద్యార్థికిని తెలియును. 2017 సెప్టెంబరులో వ్యాపారం మొదలైన పిదప పత్రాల ధర పడిపోయినది. పరిశ్రమ సమర్థత కొంత కారణం కావచ్చును. లక్ష్యాలు సులభంగా ఉండుట కూడ కారణమని నా అభిప్రాయం.

2022లో చట్టం సవరింపబడినది. 2023 జూన్‌లో కర్బన క్రెడిట్ల వ్యాపార పథకం ప్రకటింపబడినది. 2025 ఏప్రిల్‌లో ముసాయిదా, అదే ఏడు అక్టోబరులో తుది నియమాలు వచ్చినవి. అల్యూమినియం, సిమెంటు, క్లోర్-ఆల్కలీ, కాగితం పరిశ్రమల కర్మాగారాలకు 2023-24ను ఆధార సంవత్సరంగా తీసికొని 2025-26, 2026-27లకు ఉద్గార తీవ్రత లక్ష్యాలు విధింపబడినవి. లక్ష్యం తప్పి, క్రెడిట్లు కూడ కొననివారు సగటు క్రెడిట్ ధరకు రెట్టింపు పర్యావరణ పరిహారం చెల్లింపవలెను. ఇది ముందడుగే అనుటలో సందేహం లేదు.

అయితే లక్ష్యం తీవ్రతపై ఉన్నది, మొత్తంపై లేదు. టన్ను ఉత్పత్తికి ఎంత వాయువు అన్నదే లెక్క. అంతర్జాతీయ ఇంధన సంస్థ, పరిశ్రమ వర్గాలు కలసి 2013లో భారత సిమెంటుకు తయారు చేసిన మార్గపటంలో కూడ ఇదే కొలత వాడబడినది. 2010లో టన్ను సిమెంటుకు 0.63 టన్నుగా ఉన్న ప్రత్యక్ష ఉద్గారం 2050 నాటికి 0.35 టన్నుకు తగ్గవలెనన్నది దాని సారం. ఈ లక్ష్యం పూర్తిగా నెరవేరినదనుకొందము. అంతలో ఉత్పత్తి మూడింతలైనచో మొత్తం ఉద్గారం మూడింట రెండు వంతులు పెరుగును.

పులివెందుల, లింగాల ప్రాంతాలలో చీనీ తోటలకు బిందు సేద్యం వచ్చినపుడు మనము ఇదే పొరపాటు చేసితిమి. ఎకరాకు నీరు తగ్గినది. ఆ పొదుపుతో తోటల విస్తీర్ణం పెరిగినది. బోరు లోతు కూడ పెరిగినది. మన నివేదికలలో మాత్రం ఎకరా లెక్కయే వ్రాసితిమి. కొలత ప్రమాణం ఏది అన్నది సాంకేతిక వివరంగా కనిపించును. నిజానికి విధానం యావత్తు అందులోనే ఇమిడి ఉండును. ఇండ్లు, రోడ్లు ఇంకను కట్టుకొనవలసిన దేశానికి మొత్తంపై పరిమితి న్యాయం కాదన్న పరిశ్రమ వాదనలో బలం ఉన్నది. నేను దానిని త్రోసిపుచ్చను. కాని ఆ వాదనకు ఎదురుగా వర్షాధార ప్రాంతపు నష్టాల లెక్కను కూడ పెట్టి, రెండింటిని తూచి నిర్ణయించినచో అది వేరు. మన లెక్క బల్ల మీదికే రాలేదు.

మెట్ట నేల లెక్క

2023 డిసెంబరు సవరణతో ఈ పథకంలో ఆఫ్‌సెట్ విధానం చేరినది. నియమబద్ధత లేని రంగాలు స్వచ్ఛందంగా ఉద్గారాలు తగ్గించి క్రెడిట్లు పొందవచ్చును. వ్యవసాయం వాటిలో ఒకటి. 2024 జనవరిలో కేంద్ర వ్యవసాయ శాఖ వ్యవసాయ రంగంలో స్వచ్ఛంద కర్బన విపణికి ప్రత్యేక చట్రాన్ని విడుదల చేసినది. కోవెలకుంట్ల రైతు చేతిలోని కాగితం వంటివి ఈ వాతావరణంలో పుట్టినవే. భవిష్యత్తులో పరిశ్రమలు తమ బాధ్యతలో ఎంత భాగాన్ని ఇటువంటి క్రెడిట్లతో తీర్చుకొనవచ్చునన్నది పెద్ద బేరసారాలకు తావిచ్చే అంశం. అందుచేత మన నేల ఏమి మోయగలదో ముందే లెక్కించుకొనుట అవసరం.

సంవత్సరానికి పది లక్షల టన్నుల క్లింకర్ తయారుచేసే ఒక కర్మాగారాన్ని తీసికొందము. ఇది చాల పెద్దది కాదు. రాయి నుండి మాత్రమే వెలువడే కార్బన్ డయాక్సైడు సుమారు 5.25 లక్షల టన్నులు. మెట్ట నల్లరేగడిలో మంచి యాజమాన్యంతో హెక్టారుకు ఏటా 0.2 టన్ను కర్బనం అదనంగా నిలుచునని అనుకొందము. ఇది లెక్క కొరకు తీసికొన్న ఊహ మాత్రమే. బెట్ట సంవత్సరాలలో ఇంత కూడ రాకపోవచ్చును. కార్బన్ డయాక్సైడుగా మార్చినచో అది 0.73 టన్ను. 5.25 లక్షల టన్నులకు కావలసిన భూమి సుమారు 7.2 లక్షల హెక్టార్లు. ఉమ్మడి కడప జిల్లా యావత్తు విస్తీర్ణం, కొండలు, అడవులు, ఊళ్ళు కలుపుకొని 15.36 లక్షల హెక్టార్లు. అనగా ఒకే బట్టీ రాతి ఉద్గారాన్ని మోయుటకు సగం జిల్లా చాలీచాలదు.

కొలుచుటలోని కష్టం మరియొకటి. హెక్టారులో పదిహేను సెంటీమీటర్ల లోతు వరకు నేల బరువు, స్థూల సాంద్రత 1.3గా తీసికొన్నచో, 1950 టన్నులు. అందులో 0.2 టన్ను పెరుగుదల అనగా 0.01 శాతం. మన ప్రయోగశాలలలో వాక్లీ-బ్లాక్ పద్ధతిలో ఒకే నమూనాను రెండు మార్లు పరీక్షించినను ఇంతకంటె ఎక్కువ తేడా వచ్చును. పైగా మన నల్లరేగడులలో సున్నపు గుళికలు సహజం. సేంద్రియ కర్బనాన్ని నిరింద్రియ కర్బనం నుండి వేరుచేయక మొత్తం కర్బనాన్ని కొలిచినచో, బట్టీలో కాలే సున్నమే పొలంలో నిలిచిన కర్బనంగా లెక్కకు వచ్చే వింత జరుగును. రాతి నుండి వెలువడిన వాయువు శతాబ్దాల పాటు గాలిలో ఉండును. పొలంలో చేరిన కర్బనం మూడు కరవులు, ఒక లోతు దుక్కితో తిరిగి గాలిలోకి పోవును. ఈ రెండింటికి సమాన విలువ కట్టే నియమాన్ని ఏ నేల శాస్త్రవేత్తయు సమర్థింపజాలడు.

సేంద్రియ కర్బనం పెంచవద్దని నేను అనుట లేదు. శనగ తరువాత పొట్టు కొంత నేలకు చేర్చుట, కొర్ర-శనగ పంటల వరుస, గట్లపై గ్లైరిసీడియా, ఇవన్నియు నీటి నిల్వ కొరకు చేయదగినవే. వాటి ఫలితం రైతు పంటకు రావలెను. దూరాన ఉన్న బట్టీ లెక్కల పుస్తకానికి అది జమ అగుట వేరు విషయం.

మన ఇంటి సంగతి

పరిశ్రమ సంఘాల గురించి వ్రాయుచు మన శాస్త్రాన్ని విడిచిపెట్టుట న్యాయం కాదు. ఫెర్టిలైజర్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1955 నుండి పనిచేయుచున్నది. దాని సదస్సులలో మనము పత్రాలు చదివితిమి, పురస్కారాలు అందుకొంటిమి. అందులో నాకు లాభించిన శాస్త్ర విషయం తక్కువ కాదు. అయినను నత్రజని ఎరువుల నుండి వెలువడే నైట్రస్ ఆక్సైడు, నూరేండ్ల లెక్కలో, కార్బన్ డయాక్సైడు కంటె సుమారు 273 రెట్లు వేడిమి కలిగించునన్న సంగతి మన సిఫారసు పట్టికలలో ఎక్కడను కనిపించదు. ఎవరును మనలను ఆపలేదు. అలవాటు ఆపినది. ఒకమారు ఒక సదస్సు తీర్మానాలలో "నత్రజని మోతాదు తగ్గింపు" అన్న నా మాట "నత్రజని సమర్థ వినియోగం"గా మారి అచ్చయినది. నేను అభ్యంతరం చెప్పలేదు. భోజనానికి పిలుపు వచ్చినది, లేచిపోతిని.

విత్తన రంగంలో జరిగినది కూడ విద్యార్థులకు ఉపయోగకరం. నంద్యాల, కర్నూలు ప్రాంతాలు పత్తి విత్తనోత్పత్తికి పేరుపొందినవి. బీటీ పత్తి లక్షణ రుసుముపై మాన్‌శాంటో పక్షానికి, హైదరాబాదుకు చెందిన నూజివీడు సీడ్స్ వంటి దేశీయ కంపెనీలకు వివాదం ముదిరినపుడు, జాతీయ విత్తన సంఘం దేశీయుల పక్షం వహించినది. పరిశోధన ఆధారిత కంపెనీలు బయటికి వచ్చి 2016 ప్రాంతంలో వేరొక సమాఖ్యను నిర్మించుకొన్నవి. 2016 మార్చిలో కేంద్రం ధరను, రుసుమును తగ్గించినది. "విత్తన పరిశ్రమ అభిప్రాయం" అన్న మాట నాడు రెండు ముక్కలైనది. రైతు అభిప్రాయం ఆ రెండింటిలో ఏదియు కాదు.

విద్యార్థులకు ఒక అభ్యాసం

మన దేశంలో విధాన ప్రభావానికి ప్రయత్నించేవారి పేర్లు నమోదు చేయించే చట్టం లేదు. అమెరికాలో 1995 నుండి, ఐరోపా సమాఖ్యలో 2011 నుండి అటువంటి నమోదు ఏదో ఒక రూపంలో ఉన్నది. అయినను ఒక కిటికీ తెరచి ఉన్నది. సెబి 2021 మే నెలలో ప్రవేశపెట్టిన వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక 2022-23 నుండి విపణి విలువలో మొదటి వేయి లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి. అందులో ఏడవ సూత్రం ప్రభుత్వ విధానాన్ని ప్రభావితం చేయునపుడు కంపెనీ బాధ్యతగా, పారదర్శకంగా ఉండవలెనని చెప్పును. సభ్యత్వం గల సంఘాలలో ముఖ్యమైన పదింటిని పేర్కొనుట తప్పనిసరి. ఏ విధాన వైఖరిని సమర్థించినదో చెప్పుట మాత్రం ఐచ్ఛికం. లిస్టు కాని కంపెనీలకు ఈ నివేదికయే అక్కరలేదు.

స్నాతకోత్తర విద్యార్థులు మన జిల్లాలలో బట్టీలున్న లిస్టెడ్ కంపెనీలలో ఒకదానిని ఎంచుకొని మూడు కాగితాలు ఎదుట పెట్టుకొనవలెను: వార్షిక నివేదికలో కంపెనీ ప్రకటించిన ఉద్గార లక్ష్యం, ఏడవ సూత్రం క్రింద ఇచ్చిన సంఘాల పట్టిక, ఆ సంఘాలు బడ్జెటుకు ముందు లేదా ముసాయిదా నియమాలపై బహిరంగంగా చెప్పిన మాటలు. మూడింటిలో కొలత ప్రమాణం ఒకటేనా? ఆధార సంవత్సరం ఒకటేనా? ఆఫ్‌సెట్ల ప్రస్తావన ఎక్కడ వచ్చినది? ఐచ్ఛిక గడి ఖాళీగా ఉన్నచో దానిని కూడ నమోదు చేయవలెను. తేడా కనిపించినంత మాత్రాన అది కుట్ర కాదు. కనిపించకపోయినంత మాత్రాన అంతా సవ్యమనియు కాదు.

విస్తరణ శాస్త్రవేత్తల పని కొంత భిన్నం. 2014 నాటి శాసన పూర్వ సంప్రదింపుల విధానం ప్రకారం ముసాయిదాలు కనీసం ముప్పది దినాలు ప్రజల ముందుండవలెను. భారత గెజిట్ హిందీ, ఆంగ్లాలలో వచ్చును, తెలుగులో రాదు. ముసాయిదా వెలువడిన వారంలోగా అందులో నేల, పంట, రైతు హక్కులకు సంబంధించిన భాగాలను తెలుగులో ఒక పుటకు కుదించి రైతు సేవా కేంద్రాలకు పంపుట కృషి విజ్ఞాన కేంద్రాలకు అసాధ్యం కాదు. నంద్యాల ప్రాంతీయ పరిశోధన స్థానం 1906 నుండి పనిచేయుచున్నది. శతాబ్దానికి మించిన వర్షాధార అనుభవం ఉన్న చోటి నుండి, నేల కర్బనాన్ని ఎంత కాలానికి, ఎంత లోతులో, ఏ పద్ధతిలో కొలువవలెనో చెప్పే రెండు పుటల అభిప్రాయపత్రం గడువు లోపల మంత్రిత్వ శాఖకు చేరినచో, సంఘాల లేఖల నడుమ అది కూడ దస్త్రంలో ఉండును.

కోవెలకుంట్ల రైతు ఒప్పందం నకలు నా వద్దనే ఉన్నది. కాలపరిమితి, పొలం కౌలుకిచ్చినచో బాధ్యత ఎవరిది, కరవు ఏటి లెక్క, కొలత పద్ధతి, నాలుగింటిపై ఆ పత్రం మౌనంగా ఉన్నది. అవి తెలుగులో వ్రాసి ఇచ్చు వరకు సంతకం ఆపుమని అతనికి కబురు చేసితిని.